నారింజ తొక్క వాసన

"వెలిగించకు! అమ్మాయ్, చెయ్యి తియ్యి ముందు!"

అత్తగారి కేకకి కోడలి చేతిలో లైటరు గాల్లోనే ఆగిపోయింది. ఆవిడ పరుగున వచ్చి గ్యాసు కట్టేసి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, కోడలి రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చారు. వయసు మీద పడ్డాక ఆవిడ అంత వేగంగా కదలడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"ఇల్లంతా గ్యాసు కంపు కొడుతుంటే నీకు తెలియలేదా?"

"ఏదో ధ్యాసలో ఉన్నానత్తయ్యా."

"ధ్యాసా?"

ఆవిడ ఇంకేదో అనబోయి, కోడలి ముఖంలోకి ఒకసారి తేరిపార చూసి ఊరుకున్నారు.

హాల్లో ఆవిడ కొడుకులు, అన్నదమ్ములిద్దరూ, ఇదేమీ పట్టించుకునే స్థితిలో లేరు. పెద్దోడు నిలబడి ఉన్నాడు. చిన్నోడు కుర్చీలో తలవంచుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా నేల మీద చిన్నోడి బట్టల సంచి పడి ఉంది. దాన్ని గదిలోంచి తెచ్చి పడేసింది పెద్దోడే.

"స్టేషన్‌కి వెళ్ళావా లేదా? ఒక్క ముక్కలో చెప్పు."

"వెళ్ళాను."

"ఎందుకెళ్ళావు?"

"చెప్పను."

"చెప్పవా?"

"చెప్పనన్నయ్యా. నువ్వెన్నిసార్లు అడిగినా ఇదే మాట."

స్టేషన్ అంటే రైళ్ళు ఆగేది కాదు. ఊళ్ళో కొత్తగా తెరిచిన బీరు హాలు. అక్కడే కాచి, అక్కడే పోస్తారు. లోపలంతా రైల్వే స్టేషన్‌లా కట్టారు కాబట్టి ఆ పేరు పెట్టారు.

బీరు సొంతంగా కాచి అమ్మే చోటు మొదట్లో ఊరికంతటికీ వీళ్ళదొక్కటే ఉండేది. ఇంటి వెనక మామగారి కాలంనాటి ఐసు ఫ్యాక్టరీ మూతపడి పాడుబడిపోతుంటే, రొట్టెల ఫ్యాక్టరీలో పిండి పులియబెట్టే ఈస్టు పని చూసి వచ్చిన కోడలు ఆ చల్లటి గోడల మధ్య రెండు ట్యాంకులు పెట్టించింది. కాచేది ఆమె. ట్యాంకులు కడిగి పీపాలు నింపేది మరిది. కౌంటర్ దగ్గర నిలబడి గ్లాసులు పోస్తూ, వచ్చిన ప్రతివాడికీ "మా ఆవిడ చేతి చలవ" అని చెప్పేది పెద్దోడు. కాల్చిన నారింజ తొక్క వేసి ఆమె చేసే బీరు కోసం జనం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

తర్వాత ఇలాంటివి ఊరంతా మొలిచాయి. ఒకచోట తోటలో ఉయ్యాలలు కట్టారు. ఒకచోట ఓడ లోపలి గదిలా కట్టారు. ఇంకోచోట బడి బల్లలు వేసి, ఆలస్యంగా వచ్చినవాణ్ణి కాసేపు నిలబెట్టి మరీ పోస్తారట. కొత్తది తెరిచినప్పుడల్లా జనం ఎగబడుతూనే ఉన్నారు.

"డ్రాయింగ్ మాస్టారు మన దగ్గర మొదటి రోజు నుంచీ తాగుతున్నాడు," అన్నాడు పెద్దోడు. "ఆయన నాలుక అబద్ధం చెబుతుందా? మీ నారింజ బీరూ, ఆ స్టేషన్ వాళ్ళ కొత్త బీరూ కవల పిల్లల్లా ఉన్నాయయ్యా అన్నాడు. ఆ మర్నాడే నువ్వు వాళ్ళ వెనక గేటులోంచి బయటికి రావడం నా కళ్ళతో చూశాను. ఏమనుకోమంటావు నన్ను?"

"నీ ఇష్టం. ఏమనుకుంటావో అనుకో."

"ఈ నెల మన బీరు ఎలా ఉందని జనం అంటున్నారో తెలుసా నీకు? ఎప్పుడూ లేనంత బాగుందంటున్నారు! సరిగ్గా ఇప్పుడే గుట్టు తీసుకెళ్ళి పక్కవాడి చేతిలో పెట్టాలనిపించిందా?"

ఆ మాటకి చిన్నోడు తలెత్తాడు. అన్న వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ వదిన వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకి అర్థం కాలేదు. సాయం అడుగుతున్నాడా, నోరు విప్పవద్దంటున్నాడా?

సంచి భుజాన వేసుకుని లేచాడు.

"ఒరేయ్, కాఫీ అన్నా తాగి వెళ్ళరా," అన్నారు అత్తగారు.

"గ్యాసు కట్టేశావు కదమ్మా," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాడు.

అతను మలుపు తిరిగేదాకా అత్తగారు గుమ్మంలోనే నిలబడి చూశారు.

పెద్దోడు భార్య వైపు తిరిగాడు. "సాయంత్రం స్టేషన్‌కి వెళ్దాం. నువ్వు ఆ బీరు తాగి చూడు. మన ఇంట్లో ముక్కు నీది. మనదే అన్నావా, వాడు మళ్ళీ ఈ గడప తొక్కడు. కాదన్నావా, నేనే వెళ్ళి బతిమాలి తీసుకొస్తాను. నీ మాటే మాట."

ఆమె గుమ్మంలోనే ఆగింది. "నన్నెందుకండీ ఇందులోకి లాగుతారు?"

"నిన్ను కాక ఎవర్ని అడగను? నాకు చేదూ తీపీ తప్ప ఏం తెలుసు?"

"నేనూ వస్తాను," అన్నారు అత్తగారు.

తల్లి వైపు వింతగా చూశాడు పెద్దోడు. మొదటి పీపా నింపిన రోజు నుంచీ ఆవిడ ఇంటి వెనక ఆ షెడ్డులోకే అడుగు పెట్టలేదు. "బీరు తాగే చోటికా? నువ్వా?"

"తాగడానికి కాదురా. చూడ్డానికి."

*

షెడ్డులో తలుపు దగ్గరగా వేసుకుని కోడలు నారింజ తొక్కల సీసా మూత తీసింది.

ఇనప పెనం మీద అంచులు నల్లబడేదాకా వేయించిన తొక్కలు. ఒకప్పుడు ఈ మూత తీస్తే చాలు, అటు చివర ట్యాంకు కడుగుతున్న మరిది "వదినా, ఆకలేస్తోంది" అని అరిచేవాడు. ఇప్పుడు సీసాలోకి ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. చల్లటి గాలి లోపలికి వెళ్ళింది. అంతే.

రెండు నెలల కిందట వచ్చిన జ్వరం మామూలుగానే తగ్గింది. దానితోపాటు వాసనలూ పోయాయి. జలుబు వల్లనేమో అనుకుంది. జలుబు తగ్గింది. డాక్టరు చూసి, తిరిగి రావచ్చునమ్మా, రాకపోనూవచ్చు అన్నాడు. అలా రెండు వైపులా తెరిచి ఉంచిన మాటని ఇంట్లో ఎలా చెప్పాలో ఆమెకి తోచలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగా ట్యాంకులో బీరు తయారైంది.

దాన్ని గ్లాసులో పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్నోడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. "బాగుంది, నింపెయ్," అంది.

ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. తర్వాత మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. డ్రాయింగ్ మాస్టారు కౌంటర్ దాటి వచ్చి మరీ చేతులు జోడించాడు. ముక్కు పోయినా చెయ్యి పోలేదన్నమాట! కొలతలు చేతికి తెలుసు, మంట కంటికి తెలుసు. ఆ ఒక్క నమ్మకం మీదే ఇంకో ట్యాంకు కాచింది. అది ఇప్పుడు గోడవారన బుడగలు కక్కుతోంది.

తలుపు కిర్రుమంది.

అత్తగారు గుమ్మం దగ్గర ఆగి, నేల తడిగా ఉందేమోనని కాలితో తడిమి, లోపలికి వచ్చారు. ట్యాంకుల వంక, గొట్టాల వంక చూశారు. మామగారు ఉన్నప్పుడు ఐసు దిమ్మలు పేర్చిన మూల వైపు కాస్త ఎక్కువసేపు చూశారు.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు.

అబద్ధం చెప్పే ఓపిక కోడలికి లేకపోయింది. "జ్వరం వచ్చినప్పట్నుంచి."

"అసలు ఏమీ తెలియదా?"

"ఏమీ తెలియదు."

"పెద్దోడికి?"

"చెప్పలేదు."

అత్తగారు బార్లీ మాల్టు బస్తా మీద కూర్చున్నారు. చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ, విప్పుతూ ఉండిపోయారు.

"మరి సాయంత్రం ఏం చెబుతావు?"

"తెలియదత్తయ్యా."

"కాదని చెప్పు." ఆవిడ గొంతు తగ్గింది. "మనది కాదని చెప్పు. నీకెలాగూ తెలియదు. తెలియనప్పుడు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆ చెప్పేదేదో నా పిల్లాడు ఇంటికొచ్చేలా చెప్పు."

"అతను నిజంగానే ఇచ్చి ఉంటే?"

"ఇచ్చి ఉంటే..." ఆవిడ ఆగారు. "నాకు నువ్వు కన్న కూతురి కంటే ఎక్కువ. వాడు కన్న కొడుకు. ఇద్దరిలో ఎవరి వైపు కూర్చోమంటావు నన్ను?"

ఈ షెడ్డులోకి రానని భీష్మించుకున్న మనిషి, బీరు ట్యాంకుల మధ్య, మాల్టు బస్తా మీద కూర్చుని అడుగుతున్న ప్రశ్న అది. కోడలు సీసా మూత బిగించింది. మళ్ళీ తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలియలేదు.

*

స్టేషన్ గుమ్మం దగ్గర టిక్కెట్ల కిటికీ ఉంది. లోపల టోపీ పెట్టుకున్న అమ్మాయి కూర్చుని, గట్టి అట్ట టిక్కెట్లు మూడు చించి ఇచ్చింది.

హాలంతా పొడుగాటి చెక్క బెంచీలు. గోడల మీద సామాన్ల అరలు, వాటి నిండా పాత ట్రంకు పెట్టెలు. పెద్ద గడియారం ఒకటి ఉంది కానీ దానికి ముళ్ళు లేవు. బల్లల మధ్య కుర్రకారు పచ్చజెండాలూ ఎర్రజెండాలూ పట్టుకుని తిరుగుతున్నారు. గ్లాసు ఖాళీ అయినవాడు పైన వేలాడే గొలుసు లాగితే గంట మోగుతుంది, హాలంతా ఈలలు వేస్తుంది.

అత్తగారు చేతిసంచి గుండెకి హత్తుకుని, స్టేషన్‌లో దొంగలుంటారన్నట్టే చుట్టూ చూశారు.

"రైలేదిరా?"

"రైలు లేదమ్మా."

"మరి టిక్కెట్టు దేనికి?"

"బీరుకమ్మా."

"బీరు ఎక్కడికెళ్తుంది?"

పెద్దోడు ఖాళీ బల్ల కోసం చూపు తిప్పాడు. మామూలు రోజైతే ఈ మాట కౌంటర్ దగ్గర వారం రోజులు చెప్పుకుని నవ్వేవాడు. గోడవార బల్ల చూసుకుని ముగ్గురూ కూర్చున్నారు. పక్క బల్ల దగ్గర ఒక కుటుంబం పుట్టినరోజు కాబోలు, కేకు కోస్తోంది. ఎవరూ తూలడం లేదు. ఎవరూ తిట్టుకోవడం లేదు. అత్తగారు ఎదురుచూసి వచ్చింది ఇది కాదని ఆవిడ ముఖంలోనే తెలుస్తోంది.

పైన స్పీకరు గరగరలాడింది. "దయచేసి వినండి. నారింజ ఎక్స్‌ప్రెస్ మరికొద్దిసేపట్లో తొమ్మిదో నంబరు బల్ల మీదికి వచ్చును."

తొమ్మిదో నంబరు బల్ల వీళ్ళదే. పచ్చజెండా ఊపుతూ ఒకతను గ్లాసు తెచ్చిపెట్టాడు.

రంగు అదే. నురుగు అలాగే అంచుకి అంటుకుని ఉంది. కోడలు రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎదురుగా భర్త బల్ల మీదికి వంగాడు.

తాగింది. చల్లదనం. బుడగల చిమచిమ. ముందు కొంచెం తీపి, చివర చేదు. ఆ చేదు బీరులో వేసే హాప్స్ పువ్వుదో నారింజ తొక్కదో చెప్పడానికి ఏ దారీ లేదు.

"ఊఁ?" అన్నాడు పెద్దోడు.

ఇంకో గుక్క తాగింది.

"మనది కాదులే," అన్నారు అత్తగారు.

"నువ్వు వాసనైనా చూడలేదు కదమ్మా!"

"చూడక్కర్లేదు. రంగే చెబుతోంది."

"నువ్వాగమ్మా, ఆమెని చెప్పనీ." అతనే గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, పెదాలు చప్పరించాడు. "నాకైతే అచ్చం మనదే అనిపిస్తోంది. మొన్న రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు తాగాను కదా, అచ్చం అదే. కానీ నా మాటకేముంది. నువ్వు చెప్పు."

"ఇప్పుడే వస్తాను," అని కోడలు లేచింది.

ఎటు వెళ్ళాలో తెలియక గోడ వెంబడే నడిచింది. హాలు చివర అద్దాల గోడ, దాని వెనక వీళ్ళవాటికి రెట్టింపు ట్యాంకులు. వాటి మధ్య రబ్బరు బూట్లు వేసుకుని ఒక మనిషి నీళ్ళ గొట్టంతో నేల కడుగుతున్నాడు.

ఆ వంగడం చూడగానే గుర్తుపట్టింది. చిన్నోడు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అతను తలెత్తి, ఏమీ ఆశ్చర్యపోకుండా గొట్టం పక్కకి పెట్టాడు.

"పొద్దున ఇల్లు వదిలి సాయంత్రానికి ఇక్కడ పనిలో చేరిపోయావా?" అంది. "అంటే మీ అన్నయ్య అన్నది నిజమేగా!"

"నీకు వాసన రావట్లేదు కదా వదినా."

ఆమె వెనక తలుపు మూసుకుందో లేదో చూసింది.

"ఎవరు చెప్పారు? అత్తయ్యా?"

"అమ్మకి తెలుసా?" ఈసారి ఆశ్చర్యం అతనిది. "నాకెవరూ చెప్పలేదు. ఆమధ్య మాల్టు బస్తాల వెనక ఎలుక చచ్చి కంపు కొట్టిందే, నువ్వు ఆ పక్కనే స్టూలేసుకుని తాపీగా కాఫీ తాగావు. అప్పుడే అనుమానం వచ్చింది."

"అప్పుడే అడగలేకపోయావా?"

"ఏమని అడగను? నువ్వు దాచుకుంటున్నావని తెలుస్తూనే ఉంది." చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "ఆ ట్యాంకు పాడైంది వదినా. మూత తీస్తే ఒకటే కంపు, కుళ్ళిన గుడ్డులాగా. నువ్వేమో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, బాగుంది నింపెయ్ అన్నావు. నీ ముఖం చూశాక నాకు నోరు రాలేదు."

"నింపలేదా?"

"కాలవలో వదిలేశాను."

నేల మీద గొట్టంలోంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. ఆమె వాటి వైపు చూస్తూ నిలబడింది.

"మరి మన పీపాల్లో ఉన్నది?"

"ఇక్కడి బీరు. ఈ స్టేషన్ నడిపే గడ్డమాయన్ని అడిగాను. ఆయన దగ్గరున్న బీరులో మన తొక్కల కషాయం కలిపి ఇచ్చాడు. అందుకు తొక్క ఎంతసేపు కాల్చాలో, ఎంత వెయ్యాలో చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. అది ఆయనకి నచ్చింది. ఇక్కడా పోస్తున్నాడు. అందుకే రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకేలా ఏమిటి, రెండూ ఒకటే."

కవల పిల్లలన్నాడు డ్రాయింగ్ మాస్టారు. చేతులు జోడించింది కూడా ఈ బీరు చూసే. ముక్కు పోయినా చెయ్యి పోలేదనుకుని, ఒక్కతీ షెడ్డులో కూర్చుని మురిసిపోయింది కూడా ఈ బీరు చూసుకునే.

"ఎప్పుడూ లేనంత బాగుందన్నారు," అంది మెల్లగా.

చిన్నోడు తల దించుకున్నాడు.

"అన్నయ్యకి మనదేనని చెప్పెయ్ వదినా. నేను అమ్ముకున్నానని చెప్పు. దొంగనంటాడు, నాలుగు రోజులు అరుస్తాడు, అంతేగా. నీ సంగతి బయటపడితే కుళాయి కట్టేసి, కాచడమే మాన్పిస్తాడు. అది లేకపోతే నువ్వేమవుతావు?"

అతన్ని లాగి ఒక దెబ్బ వెయ్యాలో, చెయ్యి పట్టుకుని ఏడవాలో ఆమెకి తెలియలేదు. తన పరువు కాపాడానంటున్నాడు. తన బీరు కాలవలో పోశాడు. తన తొక్కల కొలత పరాయివాడికి చెప్పాడు. ఇవి మూడూ ఒక్క మనిషి చేసినవే. ఏది ముందు లెక్కలోకి తీసుకోవాలి?

తలుపు తోసుకుని బయటికి వచ్చేసింది.

*

బల్ల దగ్గర తల్లీ కొడుకులు చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. గ్లాసులో నురుగు చచ్చిపోయింది.

"చెప్పు," అన్నాడు పెద్దోడు. "మనదా, కాదా?"

అత్తగారు బల్ల కింద కోడలి చెయ్యి పట్టుకున్నారు. గట్టిగా.

కాదు అంటే ఆవిడ కొడుకు ఇంటికొస్తాడు. అవును అంటే నేరం చిన్నోడి మీదే ఆగిపోయి, తన గుట్టు తనకి దక్కుతుంది. రెండు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. రెంటినీ మింగేసింది.

"ఇక్కడిది మనది కాదండీ. మన కుళాయిలో వచ్చేదే వీళ్ళది."

"అంటే?"

"నేను చేసింది పాడైందట. చిన్నోడు పారబోసి, వీళ్ళ దగ్గర తెచ్చి పీపాలు నింపాడట."

"పాడైతే నీకు తెలియదా? నువ్వు చూడకుండా ఏ పీపా నింపుతారు?"

"నాకు వాసన రాదు."

అతను అర్థం కానట్టు చూశాడు.

"జ్వరం వచ్చినప్పట్నుంచీ రావట్లేదు. పొద్దున గ్యాసు కూడా తెలియలేదు."

"గ్యాసా? ఏ గ్యాసు?"

పక్క బల్ల మీద కేకు ముక్కలు పంచుతున్నారు. స్పీకరులో ఎవరి బీరో ఆలస్యంగా నడుస్తున్నందుకు చింతిస్తున్నారు.

"అమ్మకి చెప్పావు," అన్నాడు తల్లి ముఖం చూసి. "వాడికీ చెప్పావు. రోజూ పక్కనే ఉండే నాకు మాత్రం చెప్పలేదు."

"నేనెవరికీ చెప్పలేదండీ. వాళ్ళు కనిపెట్టారు."

ఆ మాట ఎంత గట్టిగా తగులుతుందో అన్నాక కానీ ఆమెకి తెలియలేదు. పెద్దోడి ముఖం నల్లబడింది. గ్లాసు వైపు చూశాడు. రోజూ కౌంటర్ దగ్గర నిలబడి, చేతి చలవ, చేతి చలవ అంటూ తను పోసిందంతా కళ్ళ ముందు తిరుగుతున్నట్టుంది. "పొద్దున వాణ్ణి నేను..." అన్నాడు. అక్కడితో మాట తెగిపోయింది.

ఉన్నట్టుండి లేచి, తల మీద వేలాడే గొలుసు పట్టుకుని లాగాడు.

గంట గణగణా మోగింది. హాలంతా ఈలలు వేసింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ గోలలోంచి గార్డు కోటు వేసుకున్న గడ్డమాయన నవ్వుతూ వచ్చాడు. స్టేషన్ ఆయనదే. కోడలిని చూసి గుర్తుపట్టాడు.

"అక్కా! మీరా? ముందే చెబితే నేనే ఎదురొచ్చేవాణ్ణి కదా!"

"మా తమ్ముడు నీ దగ్గర బీరు తీసుకున్నాడా?" అని అడిగాడు పెద్దోడు.

గడ్డమాయన నవ్వు తగ్గింది. "మీకు చెప్పలేదా? మీ ట్యాంకు పగిలి అంతా కారిపోయిందన్నాడు. ఒకే పనిలో ఉన్నవాళ్ళం, ఆపదలో ఆదుకోకపోతే ఎలా అని ఇచ్చాను."

"పగిలిందన్నాడా?" అంది కోడలు. "పాడైంది కదా?"

"పాడవడమేంటక్కా?"

"కుళ్ళిన గుడ్డు కంపు కొట్టిందట."

గడ్డమాయన కళ్ళు చిట్లించి ఆమె వైపు, తర్వాత పెద్దోడి వైపు చూశాడు. తనతో పరాచికాలాడుతున్నారేమోనన్న అనుమానం.

"అది కారిపోయిందనడానికి ముందు రోజు మీ మరిది రెండు సీసాలు తెచ్చి, రుచి చూసి చెప్పమన్నాడు. చూశాను. ఏ కంపూ లేదు. అబద్ధమెందుకు చెప్పాలి, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదక్కా, అంత బాగుంది. అతనితో అదే చెప్పాను. ఒకటి తాగేశాను. రెండోది తాగడానికి మనసొప్పక దాచుకున్నాను. ఉండండి."

అతను వెళ్ళాడు.

బాగుందని తెలిసి కూడా పారబోశాడా? ఎందుకు? లేక ఈయనే ఇప్పుడు అన్నదమ్ముల మధ్య చిచ్చు పెడుతున్నాడా? చిన్నోడు ఇప్పుడు ఈయన దగ్గరే పనిచేస్తున్నాడు కదా, ఈయనకేం లాభం? కోడలు అద్దాల గోడ వైపు చూసింది. నేల మీద గొట్టంలోంచి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. పక్కన మనిషి లేడు.

గడ్డమాయన సీసాతో తిరిగొచ్చాడు. మూత మీద వీళ్ళ ఐసు ఫ్యాక్టరీ ముద్రే ఉంది. మూత తీసి, శుభ్రమైన గ్లాసులో సగం పోసి, ఆమె ముందు పెట్టాడు.

"మీరే చూసి చెప్పండి. మీ ముక్కు ముందు నాదేపాటి?"

తనదే. రెండు నెలల కిందట, వాసన తెలియని చేత్తో, చీకట్లో నడిచినట్టు చేసిన బీరు. అది అద్భుతమో, కంపో, తన ముందే ఉంది. ఆమె ఒక గుక్క తాగింది. చల్లగా ఉంది. చేదుగా ఉంది.

పెద్దోడు గ్లాసు అందుకోబోయి, అందుకోలేక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు అత్తగారు చేతిసంచి బెంచీ మీద పెట్టి, రెండు చేతులతో గ్లాసు ఎత్తారు. జన్మలో మొదటిసారి బీరు గ్లాసు మీదికి ముఖం వంచారు. నెమ్మదిగా పీల్చారు. ఆగి, మళ్ళీ పీల్చారు.

కోడలు ఆవిడ ముఖమే చూస్తోంది. కనుబొమలు, పెదాలు, ముక్కుపుటాలు. ఏదో ఒకటి కదలాలి. కంపైతే ముడుచుకోవాలి. సువాసనైతే విచ్చుకోవాలి. మొదటిదైతే తన చెయ్యి కూడా పోయినట్టు, రెండోదైతే చిన్నోడు అబద్ధమాడినట్టు.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతే, ఇంకేమీ కదలలేదు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు పెద్దోడు.

అత్తగారు గ్లాసు బల్ల మీద పెట్టి, సంచి అందుకుని లేచారు.

"ఇంటికి పోదాం పదండి."